ప్రభుత్వాల చేతిలో చరిత్ర

గతంలోంచి కొన్ని ఘటనలను, కొందరు మనుషులను ఏరి, వాటికి అధికారిక హోదా ఇచ్చి, వాటి ఆసరాతో పౌరుల్లో మనమంతా ఒకటేనన్న భావన పెంచేందుకు ప్రభుత్వాలు చేసే ప్రయత్నాలను ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. పాఠ్యపుస్తకాలు, జాతీయ చిహ్నాలు, సెలవు దినాలు, విగ్రహాలు, జిల్లాల పేర్లు, మ్యూజియాలు, పోటీ పరీక్షల సిలబస్‌లు ఇందుకు సాధనాలు. ప్రజాస్వామ్యం, నియంతృత్వం అన్న తేడా లేకుండా అన్ని ప్రభుత్వాలూ ఈ పని చేస్తాయి. సర్కారు చెప్పినదానికి ఎదురుచెప్పే వీలు జనానికి ఎంత ఉందన్న దగ్గరే అసలు తేడా వస్తుంది.

చరిత్రను ప్రభుత్వాలు వక్రీకరిస్తాయంటే అబద్ధాలు రాయిస్తాయని చాలామంది అనుకుంటారు. పచ్చి అబద్ధం రాయించాల్సిన అవసరం ప్రభుత్వానికి అరుదుగా వస్తుంది. ఏది చెప్పాలో, ఏది వదలాలో, చెప్పినదానికి ఏ పేరు పెట్టాలో, ఏ తేదీన జెండా ఎగరేయాలో నిర్ణయిస్తే చాలు. ప్రతి ముక్కా నిజమే అయినా మొత్తం మీద కథ వేరే దారి పట్టవచ్చు. అందుకే ఈ రంగంలో పండితుల గ్రంథాల కంటే ఒక పేజీ ప్రభుత్వ ఉత్తర్వుకే బలం ఎక్కువ.

ఫ్రాన్సు బడి నుంచి

జాతి అనేది పుట్టుకతో వచ్చేది కాదనీ, జనం కలిసి గుర్తుపెట్టుకున్నవాటి మీదా, కలిసి మరిచిపోయినవాటి మీదా నిలుస్తుందనీ ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ 1882లో పారిస్‌లోని సోర్బోన్‌లో చేసిన ప్రసంగంలో వాదించాడు. ఆ రోజుల్లో ఆయన దేశంలో సరిగ్గా అదే జరుగుతోంది. ప్రష్యా చేతిలో ఓడిపోయి, సామ్రాజ్యం కూలి, మూడో రిపబ్లిక్ కొత్తగా నిలదొక్కుకుంటున్న కాలం అది. 1879లో మార్సెయేజ్ జాతీయ గీతమైంది. 1880లో జూలై 14 జాతీయ పండుగ అయింది. 1881–82లో జూల్ ఫెర్రీ చట్టాలతో ఉచిత, నిర్బంధ, మతాతీత ప్రాథమిక విద్య వచ్చింది. ఇంట్లో బ్రెతాన్ మాట్లాడే పిల్లవాడికీ, ఆక్సిటాన్ మాట్లాడే పిల్లవాడికీ ఎర్నెస్ట్ లావిస్ రాసిన చరిత్ర వాచకాలే చేతికి వచ్చాయి. ఫ్రెంచివారందరికీ గాల్ తెగలవారే పూర్వీకులని ఆ వాచకాలు నేర్పాయి. ఆఫ్రికాలోని వలస బడుల్లో నల్లజాతి పిల్లలచేత కూడా ఇదే పాఠం వల్లె వేయించారని తర్వాతి తరాలు ఎగతాళి చేశాయి. ఆ ఎగతాళిలో న్యాయం ఉంది.

ఈ వ్యవహారాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన పుస్తకాలు రెండు 1983లోనే వెలువడ్డాయి. ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ సంపాదకత్వంలో వచ్చిన సంకలనం, అనాదిగా వస్తున్నాయని మనం నమ్మే ఆచారాల్లో చాలా భాగం నిన్నమొన్న కల్పించినవేనని చూపింది. బెనెడిక్ట్ ఆండర్సన్ గ్రంథం, ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడని లక్షలాది మంది తాము ఒకే కుటుంబమని ఎలా ఊహించుకోగలుగుతున్నారో వివరించింది. జనాభా లెక్కలు, పటం, మ్యూజియం అనే మూడింటినీ వలస పాలకులు ఈ పనికి ఎలా వాడారో ఆయన తర్వాతి ముద్రణలో చేర్చాడు.

గతాన్ని తిరగరాసిన రాజ్యాలు

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పనిని అందరికంటే తెగువగా చేసింది టర్కీ. ఒట్టోమన్ సామ్రాజ్యపు ఇస్లామిక్ వారసత్వాన్ని పక్కకు నెట్టి, కొత్త గణతంత్రానికి అంతకంటే పాత వేళ్లు కావాలనుకున్నాడు ముస్తఫా కెమాల్ అతాతుర్క్. 1931లో చరిత్ర సంఘం పెట్టించాడు. 1932లో అంకారాలో జరిగిన తొలి చరిత్ర మహాసభలో, ప్రాచీన నాగరికతలన్నిటికీ మధ్య ఆసియా నుంచి వెళ్లిన తురుష్కులే మూలమన్న సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. హిట్టైట్లు, సుమేరియన్లు కూడా తురుష్కులేనన్నారు. ఈ సిద్ధాంతం బడి పుస్తకాల దగ్గర ఆగలేదు. 1933లో పెట్టిన ప్రభుత్వ బ్యాంకుకు సుమేర్ పేరిట సుమేర్‌బ్యాంక్ అనీ, 1935లో గనుల కోసం పెట్టినదానికి హిట్టైట్ల పేరిట ఎటీబ్యాంక్ అనీ పేర్లు పెట్టారు. నాలుగు వేల ఏళ్ల కిందటి నాగరికత ఆ విధంగా పాసుపుస్తకం అట్ట మీదికి ఎక్కింది.

సోవియట్ రష్యాలో కథ మరో రకం. రాజులను దోపిడీదారులని తిట్టిపోసిన పార్టీయే, జర్మనీతో యుద్ధం ముంచుకొస్తుంటే పాత రాకుమారులను తిరిగి పిలుచుకుంది. 1938లో ఐసెన్‌స్టీన్ తీసిన అలెగ్జాండర్ నెవ్‌స్కీ సినిమాలో పదమూడో శతాబ్దపు రష్యన్ రాకుమారుడు జర్మన్ యోధులను మట్టికరిపిస్తాడు. 1939 ఆగస్టులో స్టాలిన్ హిట్లర్‌తో ఒప్పందం చేసుకోగానే ఆ సినిమాను ఆపేశారు. 1941లో జర్మనీ దాడి చేయగానే మళ్లీ ఆడించారు. మరుసటి ఏడాది నెవ్‌స్కీ పేరిట, జార్ల కాలపు సేనానులు సువోరోవ్, కుతూజోవ్‌ల పేరిట సైనిక పతకాలు పెట్టారు. మూడేళ్లలో ఒకే సినిమా మూడు అవతారాలెత్తడం చూస్తే, ఇలాంటి చరిత్రకు విలువ కట్టేది గతం కాదని, ఆనాటి విదేశాంగ విధానమని తేలిపోతుంది.

పొరుగున పాకిస్తాన్ తన క్షిపణులకు ఘోరీ, ఘజ్నవీ, అబ్దాలీ అని పేర్లు పెట్టుకుంది. ఈ ముగ్గురూ అఫ్గాన్ నేల నుంచి దండెత్తి వచ్చినవారు. వాళ్ల దాడులకు మొదట నలిగిన పంజాబు నేలలో పెద్ద భాగం నేడు పాకిస్తాన్‌లోనే ఉంది. లాహోరు అబ్దాలీ చేతిలో ఎన్నిసార్లు చితికిందో ఆ నగరపు చరిత్రే చెబుతుంది. తమ దేశపు పాఠ్యపుస్తకాల్లోని తప్పులను వరసబెట్టి చూపిస్తూ పాకిస్తానీ చరిత్రకారుడు కె.కె. అజీజ్ 1993లో ఏకంగా ఒక పుస్తకమే ప్రచురించాడు.

జపాన్‌లో పాఠ్యపుస్తకాల మీద పోరాటం కోర్టుకెక్కింది. యుద్ధకాలపు దురాగతాల ప్రస్తావనలు తగ్గించమన్న విద్యాశాఖ మీద చరిత్రకారుడు ఇయెనాగా సబురో 1965లో దావా వేశాడు. తర్వాత మరికొన్ని దావాలు వేశాడు. చివరి తీర్పు 1997లో వచ్చింది. పుస్తకాలను పరిశీలించే అధికారం ప్రభుత్వానికి ఉందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయితే చైనాలో మనుషుల మీద ప్రయోగాలు చేసిన 731వ సైనిక దళం ప్రస్తావనను తీయించడం మాత్రం చట్టవిరుద్ధమంది. అంత చిన్న గెలుపు కోసం ఒక మనిషి ముప్పై రెండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు.

మెచ్చుకోదగిన ఉదాహరణలూ లేకపోలేదు. దక్షిణాఫ్రికాలో డిసెంబరు 16 తెల్లవారికి పవిత్ర దినం. 1838లో జులూ సేనల మీద బోయర్లు గెలిచిన రోజది. 1961లో అదే తేదీన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ సాయుధ విభాగం పోరాటం మొదలుపెట్టింది. వర్ణవివక్ష అంతమయ్యాక మండేలా ప్రభుత్వం ఆ తేదీని రద్దు చేయలేదు, ఒక పక్షానికి అప్పగించనూ లేదు. సయోధ్య దినమని పేరు మార్చి ఇద్దరికీ ఉంచింది.

సారనాథ్ సింహాలు, నందలాల్ బోస్ బొమ్మలు

1947 జూలై 22న భారత రాజ్యాంగ సభ జాతీయ జెండాను ఆమోదించింది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గాంధీజీకి చూపిన నమూనా నుంచి ఎన్నో మార్పులు చూసిన ఆ జెండా మధ్యలో రాట్నం పోయి అశోక చక్రం వచ్చింది. 1950 జనవరి 26న సారనాథ్ స్తంభం మీది సింహాలు రాజ్యచిహ్నమయ్యాయి. ఆ సింహాలు 1904–05లో ఓర్టెల్ అనే ఇంజనీరు తవ్వకాల్లో బయటపడ్డాయి. అంటే 1950కి అర్ధశతాబ్దం ముందు దాకా ఆధునిక కాలంలో అవి ఎవరి కంటా పడలేదు. దేశవిభజన నెత్తురు ఇంకా ఆరని రోజుల్లో, ఆ విభజనలో తలపడిన ఏ మత వర్గానికీ చెందని అశోకుడిని ఎంచుకోవడంలో నెహ్రూ తరం తెలివిడి కనిపిస్తుంది.

ఈ ఎంపిక ఎలా సాగిందో దగ్గరగా చూడాలంటే రాజ్యాంగం అసలు ప్రతి తిరగేయాలి. చేతిరాతతో ఉన్న ఆ ప్రతికి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, ఆయన శిష్యులు బొమ్మలు వేశారు. మొదటి భాగం మీద మొహెంజొదారో వృషభ ముద్ర ఉంటుంది. తర్వాత వైదిక ఆశ్రమం, రామాయణ భారత ఘట్టాలు, బుద్ధుడు, మహావీరుడు, అశోకుడు, విక్రమాదిత్యుడి కొలువు, నలందా వస్తాయి. ఆపైన అక్బరు ఉన్నాడు. శివాజీ, గురు గోవింద్ సింగ్ ఒక పుటలో, టిప్పు సుల్తాన్, ఝాన్సీ లక్ష్మీబాయి మరో పుటలో జంటగా ఉంటారు. దండి యాత్రలో గాంధీజీ, ఆజాద్ హింద్ ఫౌజ్‌తో నేతాజీ చివర్లో కనిపిస్తారు. ఒక్క వాక్యం రాయకుండా ఐదు వేల ఏళ్ల కథను వరసలో పెట్టిన ఈ బొమ్మల కొలువు నిజంగా అందమైనది, ఉదారమైనది కూడా. దక్షిణాదికి అందులో నటరాజు, మహాబలిపురం శిల్పం, టిప్పు దక్కారు. శాతవాహనులు, కాకతీయులు, విజయనగర రాయలు మాత్రం లేరు. ఢిల్లీ నుంచి చూసినప్పుడు గోదావరి, కృష్ణ, తుంగభద్రల చరిత్ర కనిపించకపోవడం అప్పటికి ఎవరికీ లోటుగా తోచినట్టు లేదు.

ప్రభుత్వమే చరిత్ర రాయించబోతే ఏమవుతుందో 1950ల్లో తేలింది. స్వాతంత్ర్యోద్యమ చరిత్ర కోసం కేంద్రం 1952లో ఒక సంపాదక మండలిని పెట్టింది. ఆర్.సి. మజుందార్ ఆ పనిలో ముఖ్యుడు. అభిప్రాయ భేదాలు వచ్చి ఆయన తప్పుకున్నాడు. పని తారాచంద్‌కు అప్పగించారు. ఆయన నాలుగు సంపుటాలు 1961–72 మధ్య ప్రభుత్వ ముద్రతో వచ్చాయి. మజుందార్ తన మూడు సంపుటాలను సొంతంగా వేసుకున్నాడు. 1857 తిరుగుబాటు శతజయంతికి ఎస్.ఎన్. సేన్‌తో ప్రభుత్వం రాయించిన పుస్తకం 1957లో వెలువడితే, ఆ ఏడాదే మజుందార్ తన పుస్తకం తెచ్చి, అది తొలి స్వాతంత్ర్య సంగ్రామం కానే కాదన్నాడు. విశేషమేమంటే ప్రభుత్వ నియమితుడైన సేన్ కూడా సర్కారు కోరుకునేంత వీరగాథ రాయలేదు. చరిత్రకారుడు మంచివాడైతే జీతమిచ్చినవాడి మాట కూడా పూర్తిగా వినడు.

పాఠ్యపుస్తకాల రాజకీయం

1961లో ఏర్పడిన ఎన్సీఈఆర్టీ కోసం రొమిలా థాపర్, ఆర్.ఎస్. శర్మ, సతీశ్ చంద్ర, బిపన్ చంద్ర వంటి పేరున్న పండితులు బడి పుస్తకాలు రాశారు. 1977లో జనతా ప్రభుత్వం రాగానే వాటి మీద ప్రధానికి ఫిర్యాదు వెళ్లింది. శర్మ రాసిన ప్రాచీన భారత చరిత్రను 1978లో సీబీఎస్ఈ బడుల నుంచి తీసేశారు. ప్రభుత్వం మారాక అది తిరిగి వచ్చింది. వాజపేయి హయాంలో 2002 నుంచి కొత్త పుస్తకాలు వచ్చాయి. వాటిలో దొర్లిన తప్పుల పట్టికను భారత చరిత్ర కాంగ్రెస్ 2003లో పుస్తకంగానే అచ్చువేసింది. 2004లో ప్రభుత్వం మారింది, 2006 నుంచి మరో వరస పుస్తకాలు వచ్చాయి. 2012లో శంకర్ గీసిన పాత అంబేడ్కర్ కార్టూన్ మీద పార్లమెంటులో దుమారం రేగితే, ఆ పుస్తకాలు తెచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. 2022–23లో కొవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించే పేరుతో పన్నెండో తరగతి నుంచి మొగల్ దర్బారుల అధ్యాయాన్ని, గాంధీ హత్యానంతర పరిణామాల మీద, 2002 గుజరాత్ అల్లర్ల మీద ఉన్న భాగాలను తొలగించారు.

ఈ జాబితాలో ఏ పార్టీ చేయీ శుభ్రంగా లేదు. అలాగని అన్నీ ఒకటే అని చేతులు దులుపుకోవడమూ సరికాదు. ఒక అధ్యాయాన్ని కొత్త ఆధారాలతో తిరగరాయడం వేరు, ఒకప్పుడు దేశంలో పెద్ద భాగాన్ని ఏలిన వంశపు కొలువును పుస్తకంలోంచి ఎత్తేయడం వేరు. పిల్లవాడు తాజ్‌మహల్ చూస్తాడు, రెవెన్యూ ఆఫీసులో తహసీల్దార్ అన్న మాట వింటాడు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో పుస్తకం చెప్పకపోతే వాట్సాప్ చెబుతుంది.

కొత్త రోజులు కూడా ఇదే కోవలోవి. 2015 నుంచి నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం. 2021లో ఆగస్టు 14ను విభజన విషాద స్మృతి దినంగా, బిర్సా ముండా జయంతి నవంబరు 15ను గిరిజన గౌరవ దినంగా ప్రకటించారు. 2018లో నర్మద ఒడ్డున 182 మీటర్ల సర్దార్ పటేల్ విగ్రహం లేచింది. అల్లూరి సీతారామరాజు 125వ జయంతి సందర్భంగా 2022 జూలై 4న భీమవరంలో ప్రధాని ఆయన కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు.

తెలుగు జాతి: పుస్తకం నుంచి ట్యాంక్‌బండ్ దాకా

తెలుగువారికి చరిత్ర తయారుచేసే పని మొదట ప్రభుత్వానిది కాదు. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా కొమర్రాజు లక్ష్మణరావు, చిలుకూరి వీరభద్రరావు వంటివారు చందాదారుల డబ్బుతో ఆ పని చేశారు. వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము తొలి భాగం 1910లో వచ్చింది. 1913 బాపట్ల ఆంధ్ర మహాసభ వెనుక ఆ చదువు ఉంది. తెలంగాణలో కవులే లేరన్న ఎత్తిపొడుపుకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబిచ్చారు. ఆ సంచికకూ సర్కారు సాయం లేదు. నిజాం ప్రభుత్వం తన వంతుగా 1914లో పురావస్తు శాఖ పెట్టి, గులాం యజ్దానీ చేతికి అప్పగించి, అజంతా చిత్రాలను బాగుచేయడానికి ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. ముస్లిం పాలకుడు బౌద్ధ గుహల సంరక్షకుడిగా ప్రపంచానికి కనిపించడమూ ఒక రకమైన చరిత్ర వినియోగమే.

రాష్ట్ర ప్రభుత్వం రంగంలోకి బలంగా దిగింది 1975లో. 1969 తెలంగాణ ఉద్యమం, 1972–73 జై ఆంధ్ర ఉద్యమం రాష్ట్రాన్ని రెండుసార్లు చీలిక అంచుకు తెచ్చాక, జలగం వెంగళరావు ప్రభుత్వం హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపింది. రాజకీయంగా అతకనిదాన్ని భాషతో అతికించే ప్రయత్నం అది. ఎన్.టి. రామారావు ఆ పనిని రాతిలోకి, కంచులోకి తెచ్చారు. 1986లో ట్యాంక్‌బండ్ మీద 33 విగ్రహాలు వరసగా నిలిచాయి. రుద్రమదేవి, నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, వేమన, మొల్ల, కృష్ణదేవరాయలు, తానీషా, కాటన్ దొర, గురజాడ, జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం మొహియుద్దీన్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అందులో ఉన్నారు. నందలాల్ బోస్ బొమ్మల్లో మనకు దొరకని చోటు ఇక్కడ పుష్కలంగా దొరికింది. అయితే ఈ జాబితా కూడా ఎంపికే. ఆదివాసీ యోధుడు కొమురం భీముకు అందులో చోటు లేదు. తెలంగాణ ఉద్యమకారులు ఇదే వేలెత్తి చూపారు. 2011 మార్చి 10న ప్రత్యేక రాష్ట్రం కోసం జరిపిన మిలియన్ మార్చ్‌లో వాటిలో చాలా విగ్రహాలు విరిగాయి. శ్రీశ్రీ విగ్రహం కూడా ఆ కోపానికి బలైంది. కవి మీద కోపం కాదది. ఆ వరసను ఎవరు నిర్ణయించారన్న దాని మీద కోపం. తర్వాత విగ్రహాలను తిరిగి నిలబెట్టారు. భీము విగ్రహం కూడా వచ్చింది.

రాష్ట్రాలు విడిపోయాక కేసీఆర్ ప్రభుత్వం 2017 డిసెంబరులో అదే ప్రపంచ తెలుగు మహాసభల పేరుతో, అదే నగరంలో తెలంగాణ సాహిత్యానికి పెద్దపీట వేసింది. చెరువుల పూడికతీతకు మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది. చెరువులు తవ్వించడంలో కాకతీయుల ఖ్యాతి నిజమే కాబట్టి ఆ పేరు అతికినట్టు కుదిరింది. ఆంధ్రప్రదేశ్ తన కొత్త రాజధానికి అమరావతి పేరు ఎంచుకుంది. శాతవాహనుల ధాన్యకటకం, అక్కడి బౌద్ధ స్తూపం దాని వెనుక ఉన్న గతం. ఆ స్తూపపు శిల్పాల్లో మేలైనవి లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై మ్యూజియంలోనూ ఉన్నాయి.

సెప్టెంబరు 17

ఒకే రోజుకు ఇన్ని పేర్లున్న తేదీ భారతదేశంలో మరొకటి చూపడం కష్టం. ఘటనల వరస మీద పెద్ద తగాదా లేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. 17న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. 18న సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ జనరల్ చౌధురి ముందు ఆయుధాలు దించాడు. అదే నిజాం 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 దాకా రాజప్రముఖ్ హోదాలో ఉన్నాడు. అంతకుముందు ఖాసిం రజ్వీ రజాకార్ల దౌర్జన్యాలు ఉన్నాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి ఊళ్లలో రగిలిన రైతాంగ సాయుధ పోరాటం ఉంది. ఆ పోరాటం 17వ తేదీతో ముగియలేదు. భారత సైన్యంతోనే 1951 అక్టోబరు దాకా సాగింది. ఆ పోరులో దాదాపు 4 వేల మంది చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. సైనిక చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. కేంద్రం ఆ నివేదికను ప్రచురించలేదు. 2013లో ఢిల్లీలో అది పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది.

ఇప్పుడు పేర్ల సంగతి. బీజేపీకి ఇది విమోచన దినం. వామపక్షాల్లో కొందరు విలీనమంటారు, సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతారు, మరికొందరు విద్రోహమంటారు. పాత సంస్థానంలోని మరాఠీ జిల్లాల్లో మహారాష్ట్ర ప్రభుత్వం మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినంగా జరుపుతుంది. కన్నడ జిల్లాల్లో కర్ణాటక కూడా ఉత్సవం చేస్తుంది. 2019లో ఆ ప్రాంతం పేరులోంచి హైదరాబాదును తీసేసి కల్యాణ కర్ణాటక అన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏ ప్రభుత్వమూ అధికారికంగా జరపలేదు. ముస్లిం ఓట్ల లెక్క ఒక కారణమైతే, ఆ రోజును ప్రత్యేకంగా తలిస్తే తెలంగాణ విడి చరిత్ర గుర్తుకొస్తుందన్న బెరుకు మరో కారణం.

2022 సెప్టెంబరు 17న జరిగింది చరిత్ర విద్యార్థులు చూసి తీరాల్సినది. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా విమోచన దినోత్సవ జెండా ఎగరేశారు. అదే ఉదయం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ముఖ్యమంత్రి కేసీఆర్ తెలంగాణ జాతీయ సమైక్యతా దినోత్సవ జెండా ఎగరేశారు. కొద్ది కిలోమీటర్ల దూరంలో ఒకే త్రివర్ణ పతాకం, ఒకే తేదీ, రెండు కథలు. 2024 మార్చిలో కేంద్రం ఏటా హైదరాబాదు విమోచన దినం జరపాలని నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సెప్టెంబరులో రేవంత్ రెడ్డి ప్రభుత్వం అదే పబ్లిక్ గార్డెన్స్‌లో దాన్ని ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది. నిజాం మీద కోపం, సైన్యం మీద కృతజ్ఞత, రైతుల త్యాగం, ముస్లింల దుఃఖం అన్నీ ఒకే రోజులో ఉన్నాయి. ప్రతి ప్రభుత్వమూ తన అవసరానికి తగినది తీసుకుని మిగతావి పక్కన పెట్టింది. ఊళ్లలో ఆనాటి సంగతులు చెప్పే వృద్ధులకు ఆ నాలుగూ కలిసే ఉండేవి.

సిలబస్, జిల్లా, తల్లి విగ్రహం

పాఠ్యపుస్తకం కంటే గట్టి సాధనం ఒకటి మన దగ్గర ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది పోటీ పరీక్ష. తెలంగాణ ఏర్పడ్డాక పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్‌-1, గ్రూప్‌-2 పరీక్షల్లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఏర్పాటు మీద ఒక పేపరే పెట్టారు. 1948–70, 1971–90, 1991–2014 అని దాన్ని మూడు దశలుగా విడగొట్టారు. అశోక్‌నగర్, చిక్కడపల్లి కోచింగ్ సెంటర్లలో లక్షల మంది నిరుద్యోగులు ముల్కీ నిబంధనలను, 1956 ఫిబ్రవరి 20 పెద్దమనుషుల ఒప్పందాన్ని, 1969 ఉద్యమాన్ని తేదీలతో సహా వల్లె వేశారు. ఉమ్మడి రాష్ట్రపు పుస్తకాలు అంటీముట్టనట్టు దాటేసిన సంగతులు ఇలా ఒక తరానికి కంఠతా వచ్చాయి. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ చదువు నిలుస్తుంది. కాకపోతే ఉద్యమమంతా ఒకే సరళరేఖలో రాష్ట్ర సాధన వైపు నడిచిందన్న భావన కూడా దానితోపాటే నాటుకుపోతుంది. సాయుధ పోరాటపు భూమి ప్రశ్న ఆ గీత మీద సరిగ్గా కూర్చోదు.

జిల్లాల పేర్లదీ ఇదే దారి. 2016లో తెలంగాణలో కొమురం భీం, జయశంకర్ పేర్లు జిల్లాలకు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో అల్లూరి, అన్నమయ్య, ఎన్టీఆర్ పేరిట జిల్లాలు ఏర్పడ్డాయి. కోనసీమకు అంబేడ్కర్ పేరు చేర్చబోతే మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. రాజ్యాంగ నిర్మాత పేరు చేర్చడం మీద చెలరేగిన ఆ హింస వెనుక ఉన్నది చరిత్ర మీద భిన్నాభిప్రాయం కాదు, కులం. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో ఎన్టీఆర్ పేరు పోగొట్టుకుని వైఎస్సార్ పేరు తెచ్చుకుంది. 2024లో ప్రభుత్వం మారగానే పాత పేరు తిరిగి వచ్చింది.

2024 డిసెంబరు 9న హైదరాబాదు సచివాలయంలో ఆవిష్కరించిన తెలంగాణ తల్లి విగ్రహం ఈ కథలో సరికొత్త ఘట్టం. ఉద్యమ కాలపు తల్లికి కిరీటం, చేతిలో బతుకమ్మ ఉండేవి. కొత్త తల్లికి ఆకుపచ్చ చీర, అభయహస్తం, మరో చేతిలో పంట కంకులు ఉన్నాయి. కిరీటం తీయడం ప్రజాస్వామ్యమని ఒకరు, బతుకమ్మను తీయడం అవమానమని మరొకరు వాదించుకున్నారు. రూపం ఇలాగే ఉండాలని ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఉద్యమకారుల ఊహలో పుట్టిన బొమ్మకు సర్కారు కొలతలు ఖరారు చేయడం ఈ వ్యాసం మొదట్లో చెప్పిన అధికారానికి తాజా ఉదాహరణ.

అదుపు ఎక్కడుంది

ప్రభుత్వం ఎంపిక చేయకుండా ఉండలేదు. బడిలో ఏదో ఒక పాఠం చెప్పాలి, జెండా మీద ఏదో ఒక గుర్తు వేయాలి. పౌరుడు అడగాల్సింది ఆ ఎంపికను సరిచూసుకునే వీలు. సుందర్‌లాల్ నివేదిక దశాబ్దాల పాటు అందకపోవడం వల్లే సెప్టెంబరు 17 మీద ఎవరి ఊహ వారిదైంది. అధికారిక పత్రాలు తెరిచి ఉంటే ప్రభుత్వం కట్టిన కథలో ఖాళీలు ఎక్కడున్నాయో చూపడానికి ఒక్క పరిశోధకుడు చాలు.

హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల కాలం నుంచి అసఫ్‌జాహీల చివరి రోజుల దాకా లక్షల కొద్దీ పత్రాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పారశీకంలో, ఉర్దూలో ఉన్నాయి. వాటిని చదవగలిగిన తెలుగువారు ఏటేటా తగ్గుతున్నారు. నిజాంను పొగిడేవారైనా తిట్టేవారైనా వాటిని తెరిచి చూసింది తక్కువ. విగ్రహాలకు, ఉత్సవాలకు కోట్లు కేటాయించే ప్రభుత్వాలు ముందు ఆ భాషలు చదివే యువకులకు ఉపకార వేతనాలు ఇచ్చి, ఆ పత్రాలను తెలుగులోకి తేవాలి.